అంగీ మీద మూడు ఉప్పు గీతలు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, డెబ్బై దాటిన ఈ వయసులోనూ లేదు. సిద్దిపేటలో మా నాన్న మగ్గం గుంతలో కూర్చుని నేసేవాడు. ఆ గుంతలోకి పాము దిగితే కర్ర వెతికేవాళ్లం గానీ మంత్రగాడి కోసం పరుగెత్తేవాళ్లం కాదు. వాడకట్టులో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు ఆ పిల్ల పొద్దున ఏమైనా తిన్నదా అని అడిగే మనిషి మా అమ్మ. నేను ఆ అమ్మ కూతురిని.

ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. భయపడి కాదు. చెప్పాలంటే ముందు నా కుళ్లు బయటపెట్టుకోవాలి. అది తీసేసి మిగతాది చెబుదామని ఒకటి రెండుసార్లు చూశాను. కుదరలేదు. అందుకే అంతా రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. మేం అమీర్‌పేటలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్లం. పెళ్లయి ఐదేళ్లు. తొమ్మిది నెలల పాప, కమల. మా ఆయన రాజలింగం లక్డీకాపూల్ దిక్కున ఒక సర్కారు దఫ్తరులో నక్షాలు గీసేవాడు. పొద్దున సైకిల్ మీద పోయి సాయంత్రం వచ్చేవాడు. తాగుడు లేదు, పేకాట లేదు. నన్ను చూసి మా చెల్లెళ్లు ఓర్వలేకపోయేవాళ్లు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ఆయన పని గురించి కొంచెం చెప్పాలి. నక్ష ముందు కాగితం మీద పెన్సిల్‌తో గీస్తారు. దాని మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి, కింద కనబడే గీతల వెంట నల్ల సిరాతో గీస్తారు. చాలా సన్నటి బట్టకు దట్టంగా గంజి పట్టించి మెరుగు పెట్టిన గుడ్డ అది. చూసినవాళ్లు కాగితమే అనుకుంటారు. నేతవాళ్ల ఇంట పుట్టినదాన్ని కాబట్టి మొదటిసారి వేళ్ల మధ్య పట్టుకోగానే పోగు ఎంత సన్నమో నాకు తెలిసిపోయింది. దానికి నీళ్లంటే పడదు. ఒక్క చుక్క పడినా అక్కడ తెల్లగా మచ్చ పడి పాడైపోతుంది.

గీత తప్పిన గుడ్డల్ని నక్షాలు గీసేవాళ్లు ఇంటికి తెచ్చుకునేవాళ్లు. మంచివాటిలో కలిసిపోకుండా చెడిన గుడ్డకు ఒక మూల కత్తెరతో కోసేవాళ్లు. వేడి నీళ్లలో సోడా వేసి ఒక పూట నానబెట్టి పిండితే గంజీ సిరా రెండూ పోయి తెల్లటి మెత్తటి బట్ట మిగిలేది. దానితో చేతిరుమాళ్లు, పసిపిల్లల అంగీలు కుట్టేవాళ్లం. మార్కెట్‌లో అంత మంచి బట్ట కొనాలంటే మా వల్ల అయ్యేది కాదు. కమల పుట్టాక మా ఇంట్లో మూలకు ఎప్పుడూ అలాంటి గుడ్డల కట్ట ఒకటి ఉండేది.

పంజగుట్ట బండల అవతల తోట మధ్యలో ఒక పాత బంగళా ఉండేది. అందులో ఒక ఇంగ్లీషు దొర ఉండేవాడు. వంతెనలు కట్టే ఇంజనీరుగా పనిచేసి, రిటైరై, తన దేశం పోకుండా ఇక్కడే ఉండిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. చూపు దాదాపు పోయింది. ఆయనకు ఒక నక్ష కావాల్సి వచ్చింది. దఫ్తరులో ఎవరో మా ఆయన పేరు చెప్పారు. అప్పటినుంచి ఆదివారాలు, దఫ్తరు అయ్యాక కొన్ని సాయంత్రాలు మా ఆయన ఆ బంగళాలోనే.

ఆ నక్ష ఒక కోటది. కోట అంటే గోల్కొండ లాంటిదనుకున్నాను. కాదట. దొర పడుచుదనంలో తన ఊరి దగ్గర సముద్రం ఒడ్డున కొలిచిన కోట. గోడలు లేవు, బురుజులు లేవు, కట్టిన రాజు పేరు లేదు. నేల నాలుకలా సముద్రంలోకి పొడుచుకుపోయి ఉంటుందట. మూడు పక్కలా నిట్టనిలువు చరియ, కింద నీళ్లు. నాలుగో పక్క, నేల మెడలా సన్నబడిన చోట, అడ్డంగా మూడు మట్టికట్టలు, వాటి ముందు మూడు కందకాలు. అంతే కోట. రాత అనేది తెలియని కాలంలో ఎవరో జనం, ఆపద వస్తే గొడ్డూ గోదా పిల్లాజెల్లాతో ఆ కట్టల వెనక్కి పోయి తలదాచుకునేవాళ్లట. లోపల గుడిసెలున్న చోట గుండ్రటి గుంతలు మాత్రం మిగిలాయట. ఏటేటా కొంత చరియ విరిగి సముద్రంలో పడిపోతోందట. అదంతా పోకముందే, తాను పోకముందే, ఒక మంచి నక్ష గీయించి తన దేశం పంపాలని దొర ఆశ.

ఇదంతా మా ఆయన చెబితేనే తెలిసింది. అన్నం ముందు కూర్చుని చెప్పేవాడు. ఆ మట్టికట్ట ఎంత ఎత్తు, గాలి ఎటునుంచి కొడుతుంది, పోటు వచ్చినప్పుడు నీళ్లు ఎంతవరకు ఎక్కుతాయి. పిల్లకు పళ్లు వస్తున్నాయని నేనంటే ఊఁ అనేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైనా తెలిసేది కాదు. ఒక రోజు అక్కడ దొరికిన రాతిబిళ్లల గురించి చెప్పాడు. కదురు కొసకు గుచ్చి తిప్పేవట.

“గా ఆడోళ్లు సుత నీలెక్క నూలు వడికేటోళ్లే” అన్నాడు సంబరంగా.

నన్ను మెచ్చుకుంటున్నాననుకున్నాడు పాపం. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎప్పుడో చచ్చి మట్టిలో కలిసిపోయిన ఆడవాళ్ల మీద కూడా కుళ్లుకునే స్థితికి వచ్చాను. నేను వడికిన నూలు గురించి ఆ మనిషి ఐదేళ్లలో ఒక్క మాట అడగలేదు.

అసలు మంట వాళ్ల మీద కాదు. అక్కడ కరుణమ్మ ఉండేది. దొరకు చూపు లేదు కాబట్టి ఆయన పాత నోటు పుస్తకాలు పైకి చదివి వినిపించడానికి ఆమెను పెట్టుకున్నాడు. బందరు నుంచి వచ్చిన కిరస్తానీ కుటుంబం. ఇంగ్లీషు వచ్చు. పెళ్లి కాలేదు, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. ఆమె అంకెలు చదువుతుంటే మా ఆయన బల్లకు ఇవతల కూర్చుని గీసేవాడు. అన్నిటికంటే నన్ను కోసిన సంగతి ఏమిటంటే, వాళ్లలో సముద్రం చూసి ఎరిగింది దొర కాక ఆమె ఒక్కతే. అల అంటే ఏమిటి, పోటు ఆటు అంటే ఏమిటి, ఒడ్డున ఆరిన బట్ట మీద ఉప్పు ఎలా తేలుతుంది, అన్నీ ఆమె మా ఆయనకు చెప్పింది. ఆయన వచ్చి నాకు చెప్పేవాడు. నా మొగుడికి సముద్రం చూపించింది వేరే ఆడమనిషి అనే మాట నా కడుపులో ముల్లులా ఉండిపోయింది.

ఆమెను నేను చూడలేదు. చూడకపోవడం వల్ల ఇంకా అందగత్తె అయిపోయింది.

ఆరు నెలలకు నక్ష తయారైంది. ఆ కట్టల వాలు చూపించడానికి వెంట్రుకంత సన్నటి గీతలు వందల కొద్దీ గీశాడు. కళ్లు ఎర్రబడేవి. చివరికి గుడ్డను రేకు గొట్టంలో చుట్టి ఇంటికి తెచ్చాడు. నక్ష కింద పేరు ఒకటి రాస్తే అయిపోతుందని, అది స్థిమితంగా ఇంట్లో రాసుకుంటానని చెప్పాడు.

మర్నాడు ఆయన దఫ్తరుకు పోయాక గొట్టం తీశాను. ఏమిటో ఆ సవతి, ఒకసారి చూద్దామని. గుడ్డ పరిచి చూస్తే నిజంగా బాగుంది. మూడు కట్టలు మూడు కొడవళ్లలా వంగి ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. మూడింటికీ సరిగ్గా మధ్యలో దారి. కింద మూలన పెన్సిల్‌తో ఇంగ్లీషులో రెండు వరుసలు. పేరు అలా రాయాలని చూపించడానికి రాసినవి. నాకు ఇంగ్లీషు రాదు. కానీ అది మా ఆయన చేతిరాత కాదని, ఆడమనిషి రాసిన రాత అని చూడగానే తెలిసింది. అంత ముద్దుగా ఉంది.

నేను ఏం చేశానో నాకు బాగా తెలుసు. పొయ్యి మీద నీళ్లు పెట్టాను. తొట్టిలో పోసి సోడా వేశాను. మూలనున్న కట్టలోంచి చెడిన గుడ్డ ఒకటి తీశాను. అది ఏదో కాలువ నక్ష, అన్నీ నిలువు గీతలే. రెండూ కలిపి ముంచాను. సిరా నల్లగా తేలుతుంటే చేత్తో తోశాను.

సాయంత్రం ఆయన వచ్చి గొట్టం ఖాళీగా చూసి నా వైపు తిరిగాడు. చెడిన గుడ్డ అనుకున్నానని చెప్పాను. తాడు మీద ఆరుతున్న రెండు తెల్లటి గుడ్డల్ని చాలాసేపు చూశాడు. తర్వాత చేతులు కడుక్కుని అన్నం తిన్నాడు. దొరకు మాత్రం, వానలో తడిపి తానే పాడుచేశానని చెప్పాడట. ఆ రోజుల్లో అసలు వానే లేదు.

దాని ఫలితం ఏమిటంటే, పని మళ్లీ మొదటినుంచి మొదలైంది. అంతకుముందు వారంలో నాలుగు రోజులు పోయేవాడు, ఇప్పుడు ఏడు రోజులూ కరుణమ్మ ఎదురుగానే. దొర ఆరోగ్యం దిగజారుతోంది, తొందరగా కావాలి. నా కొంపకు నేనే నిప్పు పెట్టుకున్నట్టయింది.

ఆ రెండు గుడ్డలతో రెండు అంగీలు కుట్టాను. ఒకే కొలత, ఒకే కుట్టు. కోట గుడ్డతో కుట్టినదానికి మాత్రం మెడ దగ్గర లోపలివైపు ఎర్ర దారంతో చిన్న ముడి వేశాను. ఏది కరుణమ్మ రాత పడినదో నాకు తెలిసి ఉండాలనిపించింది. ఎందుకో అడిగితే చెప్పలేను.

ఇక్కడినుంచి జరిగింది జరిగినట్టు రాస్తాను.

అంగీ మొదటిసారి ఉతికి ఎండకు వేశాను. ఆరాక తీస్తే వీపు మీద తెల్లగా మూడు గీతలు. కొడవలిలా వంగి, ఒకదాని వెనక ఒకటి. వేలితో రాస్తే గరుకుగా ఉన్నాయి. గంజి పూర్తిగా పోలేదనుకున్నాను. మళ్లీ వేడి నీళ్లలో ఉడకబెట్టాను. తడిగా ఉన్నప్పుడు ఏమీ లేదు. ఆరగానే మళ్లీ వచ్చాయి. నాలుక కొసతో చూశాను. ఉప్పు.

మా బావి నీళ్లు అంత మంచివి కావు. సరే, అదే అనుకున్నాను. రెండు అంగీలూ ఒకే తొట్టిలో ఉతికి ఒకే తాడు మీద పక్కపక్కన వేశాను. కాలువ నక్ష అంగీ శుభ్రంగా ఆరింది. ఎర్ర ముడి ఉన్నదాని మీద గీతలు. బల్కంపేట నుంచి వచ్చే ఒక పాలావిడతో రెండు బిందెల నీళ్లు తెప్పించి వాటిలో ఉతికాను. అవే గీతలు. చెమట అనుకుందామంటే పిల్లకు వేయకుండా ఆరేసినా వచ్చాయి. వంటింటి ఉప్పు కలిపిన నీళ్లలో రెండో అంగీని ముంచి చూశాను. మరకలు మరకలుగా ఆరింది తప్ప గీత కట్టలేదు.

ఒక్క తేడా ఉంది. మా ఆయన గీసిన నక్షలో దారి మధ్యలో ఉంది. నేను నా కళ్లతో చూశాను. ఉప్పు గీతలు మధ్యలో తెగలేదు. మూడూ ఎడమ కొసన, అంచు దగ్గర, బొటనవేలి గోరంత తెగి ఉన్నాయి. ప్రతిసారీ అక్కడే.

ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. ఆ గుడ్డ పేరెత్తడానికే మొహం చెల్లలేదు. ఆయన దఫ్తరులో ఉన్నప్పుడే పిల్లకు ఆ అంగీ వేసేదాన్ని. మరి ఎందుకు వేశావంటే, ఆమె చేతిరాత పడిన గుడ్డను నా పిల్ల నలిపి తొక్కుతుంటే నాకు కడుపు చల్లబడేది. ఉన్నమాట రాస్తున్నాను.

ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం మా ఆయన పొద్దున్నే బంగళాకు పోయాడు. ఇంట్లో నాకు ఊపిరాడలేదు. ఇవాళ ఆ మనిషిని చూసి తీరాలనుకున్నాను. పెళ్లినాటి చీర కట్టుకున్నాను. పిల్లకు వేయడానికి చేతికి దొరికింది ఆ అంగీయే. చంకనెత్తుకుని పంజగుట్ట వైపు నడిచాను. బండల మధ్య దారిలో నా నీడే నాకు పొట్టిగా కనిపించింది.

వరండాలో ముగ్గురూ ఉన్నారు. దొర పేముకుర్చీలో, బల్లకు అటూ ఇటూ వాళ్లిద్దరూ. కరుణమ్మ సన్నగా, చామనచాయగా ఉంది. తెల్ల చీర, గాజులు లేవు. బల్లకు ఆ చివరన కూర్చుంది. అందగత్తె కాదు. నాకు ఊరట కలగాల్సింది, కలగలేదు. ఎందుకంటే నన్ను చూడగానే లేచి, ఎండన పడి వచ్చారే అని మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మంచిది కూడా అయితే ఇక నేనెక్కడ పట్టుకోవాలి ఆమెను? మా ఆయన ఇబ్బందిగా నవ్వి కలంలో సిరా పోసుకుంటూ కూర్చున్నాడు.

పిల్ల గొంతు విని దొర చేతులు చాచాడు. ఇవ్వక తప్పలేదు. ముసలాయన ఒళ్లో కూర్చోబెట్టుకుని వీపు నిమిరాడు. నడకలో నా చెమటకు తడిసిన అంగీ గాలికి అప్పుడే ఆరింది.

ఆయన చేయి ఆగిపోయింది. తర్వాత ఒక వేలు మాత్రం కదిలింది. మొదటి గీత వెంట చివరిదాకా పోయి, వెనక్కి వచ్చి, రెండోదాని వెంట పోయింది. అప్పుడు మూడోది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఎడమ కొసకు వచ్చి ఆ తెగిన చోట నిలబడింది. ఆయన భూతద్దం అడిగి తీసుకుని పిల్ల వీపు మీదికి వంగాడు.

ఆయన ఏదో అడిగాడు. కరుణమ్మ నా వైపు తిరిగింది.

“దారి ఇక్కడుందని మీకెవరు చెప్పారని అడుగుతున్నారండి” అంది నాతో.

ఎవరూ చెప్పలేదన్నాను. ఉతికి ఆరేస్తే వచ్చిందన్నాను. మా ఆయన లేచి వచ్చి అంగీ చూశాడు. తాను గీసిన వంపులు తనకు తెలియవా? వేలు పెట్టలేదు, దూరంనుంచే చూసి నిలబడ్డాడు.

దొర చాలాసేపు మాట్లాడాడు. కరుణమ్మ ఆగి ఆగి తెలుగులో చెప్పింది. ఆ కోటను కొలిచింది ఆయన ఒక్కడే కాదట. తమ్ముడు కూడా ఉన్నాడు. దారి మధ్యలో ఉందని అన్న, అంటే ఈ దొర, ముందే తన దేశపు పండితులకు రాసి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత ఒక రోజు తమ్ముడు ఎడమ కొసన, చరియ అంచున, గడ్డి పెల్ల లేపి చూస్తే రాళ్లు పరిచిన సన్నటి బాట కనబడింది. అసలు వాకిలి అదే. మనిషి వెనక మనిషి తప్ప రాలేని వాకిలి. మధ్యలో ఉన్నది ఎప్పుడో బండ్ల కోసం కొట్టిన గండి. అన్న ఆ రాళ్ల మీద మట్టి కప్పించి, నోటు పుస్తకంలో ఆ ముక్క రాయలేదు. తమ్ముడు ఎదురు చెప్పలేదు. మొదటి యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. ఆ చరియ కూడా విరిగి సముద్రంలో పడిపోయింది. ఇక ఈ భూమి మీద ఆ వాకిలి సంగతి తెలిసినవాడు తానొక్కడే.

చివరి మాట చెప్పేటప్పుడు కరుణమ్మ నా వైపు చూడలేదు.

“వాడు నాకంటే ముందు చూశాడు, అది నేను ఓర్చుకోలేకపోయాను అంటున్నారండి.”

మజ్జిగ గ్లాసు నా చేతిలోనే ఉంది. తాగలేకపోయాను. ఆ మాట ఎవరు అన్నారో, ఎవరి గురించి అన్నారో నాకు ఒక క్షణం తెలియలేదు.

తిరుగుదారిలో మా ఆయన పిల్లను ఎత్తుకున్నాడు. బండల నీడలో ఆగి, నా మొహం చూడకుండా అన్నాడు.

“చెడిన గుడ్డ మూల నేను కోసి పెడ్త. గా గుడ్డకు నాలుగు మూలలు ఉండె. నాకు గా దినమే ఎర్క.”

మరి ఎందుకు అడగలేదన్నాను.

“అడిగితే నువ్వు చెప్తవు. చెప్పినంక నేనేం చెయ్యాలె?”

ఆమెను చూసి ఓర్వలేకపోయానని అప్పుడు చెప్పాను. ఆయన పిల్లను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. ఆమె తనకు సముద్రం గురించి చెప్పింది, అంతేనన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక, మా నాన్న మగ్గం మీద పడుగు ఎలా ఎక్కిస్తారో నన్ను అడిగాడు. ఎప్పుడూ అడగని మనిషి. నేను ఏడ్చానని రాయడానికి సిగ్గేమీ లేదు.

నక్షను దారి ఎడమ కొసన పెట్టి గీశాడు. పేరు దగ్గర దొర ఇద్దరి పేర్లు రాయించాడు, తమ్ముడిది ముందు. అది ఓడలో పోయింది. యుద్ధం రోజులు, చేరిందో లేదో తెలియదు. తొలకరికి ముందే దొర పోయాడు.

దొర పోయాక కూడా అంగీ మీద గీతలు వస్తూనే ఉన్నాయి. మా ఆయన చూసి ఊరుకునేవాడు. నాకూ అలవాటైంది.

నెల తర్వాత కరుణమ్మ మా ఇంటికి వచ్చింది. నిజామాబాద్ దిక్కున ఒక ఊళ్లో బడిపంతులమ్మ ఉద్యోగం దొరికిందని, మర్నాడే ప్రయాణమని చెప్పింది. మా ఆయన దఫ్తరులో ఉన్నాడు. కమలను ముద్దాడి, కాసేపు కూర్చుని, మొహమాటపడుతూ అడిగింది.

“సత్తెమ్మగారూ, ఆ అంగీ నాకిస్తారా? పాపకు ఎలాగూ బిగుతైపోతుంది. దొరగారి గుర్తుగా ఉంచుకుంటాను.”

దారిలో మొగుడితో అంతా చెప్పుకున్నదాన్ని, మనసు కడిగేసుకున్నాననుకున్నదాన్ని. ఆమె అడగగానే పాత మంట ఎక్కడికీ పోలేదని తెలిసింది. దొర మా ఆయనవాడు, సముద్రం ఆమెది. ఆ గీతలు ఒక్కటే నాకు వచ్చాయి. అవి కూడా కావాలా ఈమెకు?

లోపలికి పోయి పెట్టె తెరిచాను. కాలువ నక్ష అంగీ తీసి, మడతపెట్టి, తెచ్చి ఇచ్చాను. ఒకే కొలత, ఒకే కుట్టు. ఆమె రెండు చేతులతో అందుకుని కళ్లకు అద్దుకుంది. గుమ్మం దాటేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను.

ఆ వారం నా అంగీ ఉతికి ఆరేశాను. గీతలు రాలేదు. ఇంకోసారి ఉతికాను. రాలేదు. దొర పోయాడు, నక్ష పోయింది, ఆ మనిషీ పోయింది, అంతటితో ఆగిపోయి ఉంటుందిలే అనుకున్నాను. పెట్టెలో అడుగున పెట్టేశాను.

రెండేళ్ల తర్వాత ఉత్తరం వచ్చింది. కార్డు కాదు, కవరు. నా పేరు మీద. క్షేమసమాచారాలు రాశాక కరుణమ్మ ఇలా రాసింది.

“ఆ అంగీని ఏడాదికి ఒకటి రెండుసార్లు ఉతికి ఆరేస్తుంటాను. ఆరగానే మూడు గీతలూ వస్తాయి. ఎడమ కొసన వాకిలి కూడా. దొరగారి వేలు గుర్తొస్తుంది. మీ బిడ్డ ఒంటిమీది బట్ట, మీకు మాత్రమే వచ్చిన వింత, అడగగానే తీసి ఇచ్చేశారు. మీ చోట నేనుంటే ఇచ్చేదాన్ని కాదండి. ఆ రోజుల్లో మిమ్మల్ని తలుచుకుని, రాజలింగంగారికి ఒక ఇల్లుంది కదా అని ఎంత కుళ్లుకున్నానో మీకు తెలియదు.”

చదవగానే పెట్టె దగ్గరికి పోయాను. అంగీ ఉంది. మెడ లోపల ఎర్ర ముడి ఉంది. పొరపాటున తారుమారు కాలేదు. ఉతికాను. ఎండలో వేసి పక్కనే కూర్చున్నాను. తెల్లగా ఆరింది. నునుపుగా ఉంది.

చాలా ఏళ్లకు ఒక సైన్సు మాస్టారును, ఎవరో చెప్పిన సంగతి అన్నట్టు అడిగాను. సిరాలో ఉండే జిగురు పోగుల్లో నిలిచి ఉప్పును పట్టుకుంటుందేమో అన్నాడు. మరి లేని వాకిలి ఎలా వచ్చిందన్నాను. చెప్పినవాళ్లు సరిగ్గా చూసి ఉండరన్నాడు. రెండో అంగీ సంగతి ఆయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పోయి ఎనిమిదేళ్లయింది, ఆయనకూ చెప్పలేదు. కరుణమ్మకిచ్చినదాంట్లో ఉన్నవి కాలువ గీతలు, నిలువువి. ఒక్కదానికి కూడా వంపు లేదు.

ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు. రాస్తే, నీకిచ్చింది అసలుది కాదని రాయాలి. ఎన్నోసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇప్పుడు ఆమె ఉందో లేదో.

ఇప్పటికీ ఎండాకాలంలో ఒకసారి ఆ అంగీ బయటికి తీస్తాను. కమలకు మనవలు పుట్టారు, ఈ చిన్న గుడ్డ ఎందుకమ్మా అని నవ్వుతుంది. ఉతికి, ఆరేసి, ఆరేదాకా దాని పక్కనే కూర్చుంటాను. వేలితో వీపు మీద ఎడమ కొస దాకా తడిమి చూస్తాను. ఆమెకు ఎందుకు వచ్చాయో, నాకు ఎందుకు ఆగిపోయాయో నాకు తెలియదు.